వ్యాన్‌లో నీళ్ల హీటరు పెడితే తెల్లారేసరికి బ్యాటరీ మిగులుతుందా?

గంటస్తంభం66:
టెంపో ట్రావెలర్‌ని క్యాంపర్ చేయిస్తున్నాం, బాడీ పని సాలూరులో. వ్యాన్ కింద 60 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు, లోపల 12 వోల్టుల 200 ఆంపియర్-అవర్ల లిథియం (ఎల్‌ఎఫ్‌పి) బ్యాటరీ, 2000 వాట్ల ఇన్వర్టరు. తిరిగేది ఎక్కువగా అరకు, లంబసింగి వైపే. శీతాకాలంలో ఒకసారి స్పితి (హిమాచల్‌లోని మంచు లోయ) కూడా అనుకుంటున్నాం. ఆర్‌వీ (క్యాంపర్ బండ్ల) వీడియోల్లో ట్యాంక్ హీటరని 80 వాట్ల ప్యాడ్ ఒకటి చూపిస్తున్నారు. అది అతికిస్తే స్నానానికి వేడినీళ్లు వస్తాయా? రాత్రంతా వేసి ఉంచితే బ్యాటరీ తట్టుకుంటుందా? అదంతా ఎందుకు, ఇంట్లో వాడే 15 లీటర్ల గీజరే బిగించేద్దాం అంటున్నాడు మేస్త్రి.

నాగావళి_గట్టు:
మేస్టారూ, ఆ ప్యాడ్ స్నానానికి పనికొచ్చేది కాదు. ట్యాంకులో నీళ్లు గడ్డకట్టకుండా చూడటం వరకే దాని పని. అందులోని థర్మోస్టాట్ సుమారు 7 డిగ్రీల దగ్గర కలుస్తుంది, 18-20 దగ్గర తెగుతుంది. అంటే విజయనగరంలో స్విచ్ వేసి వదిలేసినా అది వెలగనే వెలగదు. లంబసింగిలో బాగా చలి పట్టిన రాత్రి కాసేపు వెలుగుతుందేమో. ఆ కాస్తకి ప్యాడ్ దండగ.

లెక్క మీరే వేసుకోవచ్చు. లీటరు నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కడానికి 1.16 వాట్-అవర్లు కావాలి. మీ 60 లీటర్లు 10 నుంచి 40 డిగ్రీలకి రావాలంటే 60×30×1.16, అంటే 2,088 వాట్-అవర్లు. 80 వాట్ల ప్యాడ్‌తో 26 గంటలు, అదీ బయటికి పోయే వేడి లెక్కలోకి తీసుకోకుండా. మీ బ్యాటరీలో ఉన్నదే 200×12.8 = 2,560. ట్యాంకు మొత్తం కాచుకునే ఆలోచన అక్కడే వదిలేయండి.

మేస్త్రి మాట మాత్రం తీసిపారేయక్కర్లేదు. 15 లీటర్లు 20 నుంచి 60 డిగ్రీలకి 696 వాట్-అవర్లు, ఇన్వర్టరు తినేది కలిపితే 800 దాకా. బ్యాటరీలో మూడో వంతుకి కాస్త తక్కువ. దానికి సమానంగా చన్నీళ్లు కలిపితే 40 డిగ్రీల నీళ్లు 30 లీటర్లు, ఇద్దరి స్నానం అయిపోతుంది. చిక్కంతా కరెంటు దగ్గరే. ఇంటి గీజరు ఎలిమెంట్ సాధారణంగా 2000 వాట్లు. అది నడవాలంటే 12 వోల్టుల వైపు 175 ఆంప్స్‌కి పైనే లాగాలి. బ్యాటరీని కాపాడే బీఎమ్‌ఎస్ సర్క్యూట్ 100 ఆంప్స్‌దైతే వేసిన మరుక్షణం ట్రిప్ అవుతుంది. 150ది అయినా తట్టుకోదు. ఇంకా పెద్ద బీఎమ్‌ఎస్ తట్టుకున్నా మీ ఇన్వర్టరు చివరి అంచు మీద నడుస్తుంది, వైరు చివర బిగించే లగ్గులు కాలి నల్లబడతాయి. 1000 వాట్ల ఎలిమెంట్ దొరికితే మార్పించండి, 90 ఆంప్స్‌తో సరిపోతుంది. నీళ్లు కాగడానికి 20 నిమిషాల బదులు 40 నిమిషాలు పడుతుంది, అంతే తేడా. వాట్లు తగ్గితే బ్యాటరీ ఆదా అవుతుందని చాలామంది అనుకుంటారు గానీ, నీళ్లకి ఎక్కాల్సిన వేడి అంతే, ఖర్చూ అంతే.

ఇంకో మాట. నీళ్లు లేకుండా గీజరు వేస్తే ఎలిమెంట్ నిమిషాల్లో పోతుంది. పంపు వేసి, వేడినీళ్ల కుళాయిలోంచి గాలి పోయి ధార నిలకడగా వచ్చాకే స్విచ్. బోరు నీళ్లు పట్టుకుంటే ఎలిమెంట్‌కి గార కడుతుంది, అది కూడా అప్పుడప్పుడూ విప్పి చూసుకోవాలి.

సాలూరు_వైరింగ్:
స్పితి సంగతి వేరు. డిసెంబరు, జనవరుల్లో అక్కడి కాజా ఊరి దగ్గర రాత్రి మైనస్ 20 కిందికి దిగిపోతుంది. అక్కడ ప్యాడ్ కావాలి. కానీ ప్యాడ్ కంటే ముందు ట్యాంకుకి తొడుగు కావాలి.

60 లీటర్ల ట్యాంకు పైన, కింద, పక్కలు కలిపి సుమారు చదరపు మీటరు. తొడుగు లేకపోతే మైనస్ 20లో 180 వాట్లకు పైనే వేడి బయటికి పోతుంది. 80 వాట్ల ప్యాడ్ రాత్రంతా వెలిగినా నీళ్లు గడ్డకడతాయి, బ్యాటరీ కూడా దిగిపోతుంది. అదే 25 మిల్లీమీటర్ల నైట్రైల్ ఫోమ్ చుట్టూ అతికిస్తే 40 వాట్ల చుట్టుపక్కలకి వస్తుంది. ప్యాడ్ సగం సేపే వెలుగుతుంది, 12 గంటల రాత్రికి 500 వాట్-అవర్లు. అది మీ బ్యాటరీకి పెద్ద బరువేం కాదు.

ప్యాడ్‌ని ట్యాంకు అడుగున, నీళ్లు బయటికొచ్చే గొట్టం పక్కన పెట్టించండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, గాలి బుడగ మిగలకుండా అతికించాలి. కత్తిరించకూడదు, మడవకూడదు. ట్యాంకులో మూడో వంతు కంటే తక్కువ నీళ్లుంటే ఆఫ్ చేయాలి, లేకపోతే ప్లాస్టిక్ మెత్తబడి అడుగు జారుతుంది. లాగేది ఆరున్నర ఆంప్స్ లోపే. 5 మీటర్ల దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, బ్యాటరీ పక్కనే 10 ఆంప్స్ ఫ్యూజు చాలు. ఎంత లాగుతోందో చూడాలంటే డీసీ కొలిచే క్లాంప్ మీటరు కావాలి. షెడ్లలో ఉండేవి ఎక్కువగా ఏసీవే, వాటితో కొలిచి సున్నా వచ్చిందని ప్యాడ్ పాడైందనుకుంటారు.

ట్యాంకు కంటే ముందు గడ్డకట్టేది సన్న గొట్టం, పంపు, ఎల్బోలు. వ్యాన్ కింద ఉన్న ముక్క ఎంత తగ్గితే అంత మంచిది. బ్యాటరీని లోపలే పెట్టించండి. ఎల్‌ఎఫ్‌పిని సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే సెల్స్ లోపల లిథియం పేరుకుని కెపాసిటీ శాశ్వతంగా పడిపోతుంది. బీఎమ్‌ఎస్‌లో చలికి ఛార్జింగ్ ఆపే ఏర్పాటు ఉందో లేదో కొనేటప్పుడే అడగండి.

గంటస్తంభం66:
గ్యాస్ గీజరైతే ఏమంటారు? ఎలాగూ 5 కిలోల సిలిండరు పెడుతున్నాం.

నాగావళి_గట్టు:
30 లీటర్ల స్నానపు నీళ్లకి 70 గ్రాముల గ్యాస్ అవుతుంది, ఖర్చులో దానికి పోటీ లేదు. కానీ తలుపులేసిన వ్యాన్ లోపల పెడితే కార్బన్ మోనాక్సైడ్ చంపేస్తుంది. వాసన రాదు, రంగు ఉండదు, తెలిసేలోపు స్పృహ తప్పుతుంది. వెనక తలుపుకి బయటి వైపు తగిలించుకుని, ఆరుబయటే స్నానం చేసేట్టయితే పెట్టుకోండి. సిలిండరు వాల్వు వాడాక కట్టేయండి.

సాలూరు_వైరింగ్:
ఎలాగూ ఇంజను వేడి ఉండగా బ్యాటరీ ఎందుకు ఖర్చు చేయడం? పడవల్లో వాడే కెలోరిఫయర్ అని ఉంటుంది. ఇంజను కూలెంట్ ఒక చుట్టలోంచి తిరుగుతూ 15-20 లీటర్లు కాచేస్తుంది. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కి అరకులో దిగేసరికి నీళ్లు సిద్ధం, బ్యాటరీ ముట్టుకోనక్కర్లేదు. వ్యాన్ లోపలి గాలిని వేడి చేసే హీటరు కోర్ గొట్టాలకి టీ జాయింట్ వేసి లైను తీసుకుంటారు. కూలెంట్ తగ్గిన మేరకు నింపి, గాలి తీయించాలి. చన్నీళ్లు కలిపే మిక్సింగ్ వాల్వు లేకుండా మాత్రం పెట్టొద్దు, ఘాట్ ఎక్కాక ఆ నీళ్లు 80 డిగ్రీలు కూడా ఉంటాయి, నేరుగా కుళాయి తిప్పితే చర్మం ఊడుతుంది.