హాస్కెల్ ప్రోగ్రామింగ్ భాషలో తేదీని తెలుగు నెల పేరుతో రాయించాలి, ఫార్మాట్‌టైమ్‌తో (తేదీని అక్షరాల్లో రాసిచ్చే ఫంక్షన్) కుదురుతుందా?

కృష్ణాతీరం: డేటాబేస్‌లో యూటీసీటైమ్ (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంది. ఇన్‌వాయిస్ మీద 05-03-2025 అనీ, ఉత్తరంలో 5 మార్చి 2025 అనీ, ఫైల్ పేరులో వరస తప్పని రూపంలోనూ కావాలి. పైగా ఫార్మాట్‌టైమ్ స్ట్రింగ్ ఇస్తోంది, మిగతా కోడంతా టెక్స్ట్ అనే వేరే రకం. టైమ్ ప్యాకేజీ 1.9 పైదే.

బైండ్_బాబాయ్: ఫార్మాట్‌టైమ్‌కి ఇచ్చే గుర్తులివి: ఇన్‌వాయిస్‌కి పర్సెంట్ చిన్న డి (రోజు), పర్సెంట్ చిన్న ఎం (నెల), పర్సెంట్ పెద్ద వై (ఏడాది), మధ్యలో గీతలు. పెద్ద ఎం కొట్టావో, నెల చోట నిమిషాలు పడతాయి. కంపైలర్ నోరెత్తదు, దానికది ఉత్త స్ట్రింగే. నిమిషాలు 12 లోపున్నప్పుడు చూస్తే కంటికి కూడా దొరకదు. ఉత్తరంలో 5 ముందు సున్నా వద్దంటే పర్సెంట్‌కీ డి కీ మధ్య హైఫన్ పెట్టు. చిన్న ఇ వాడకు, సున్నా పోయి ఆ చోట స్పేస్ కూర్చుంటుంది. ఫైల్ పేరుకి పర్సెంట్ పెద్ద ఎఫ్ చాలు, 2025-03-05 అని పడుతుంది.

ఓరుగల్లు_ఫోల్డ్: అందరు అక్షరాలే చెప్తరు, అసలు గోస ఎవ్వరడగరేంది? యూటీసీటైమ్‌ని నేరుగ ఫార్మాట్ జేస్తే అర్ధరాత్రి నుంచి పొద్దుగాల 5:29 దాక కొట్టిన బిల్లులకు నిన్నటి తేదీ పడ్తది. ఏప్రిల్ 1 తెల్లారుజామున కొట్టింది పోయిన ఆర్థిక సంవత్సరంలకు బోతది. మినిట్స్‌టుటైమ్‌జోన్‌కు 330 (యూటీసీ కన్న మన టైము ముందున్న నిమిషాలు) ఇచ్చి యూటీసీటులోకల్‌టైమ్ జెయ్యాలె, ఆ తర్వాతనే ఫార్మాట్.

డల్లాస్_పక్షి: 330 ఇండియాకి సరే. ఇక్కడ టెక్సస్‌లో చలికాలం మైనస్ 360, ఎండాకాలం మైనస్ 300. గెట్‌కరెంట్‌టైమ్‌జోన్ ఈ క్షణానికి ఉన్న ఆఫ్‌సెట్ (యూటీసీతో తేడా) ఇస్తుంది. జూలైలో కూర్చుని జనవరి రికార్డులు ప్రింట్ చేస్తే గంట తేడా. గెట్‌టైమ్‌జోన్‌కి ఆ రికార్డు టైమే ఇవ్వండి, లేదా టీజెడ్ ప్యాకేజీ వాడండి. ఇంకోటి, జోన్ పేరు ఐఎస్‌టీ అని మాత్రం రాయించకండి. ఇజ్రాయెల్‌దీ ఐఎస్‌టీయే, ఐర్లండ్‌దీ ఐఎస్‌టీయే.

ఓరుగల్లు_ఫోల్డ్: బిల్లు కొట్టేది బెజవాడల. నడుమ ఐర్లండ్ ఏడికెల్లి వచ్చిందన్నా?

డల్లాస్_పక్షి: ఆ తేదీని రేపు ఇంకో ప్రోగ్రాం చదవాలి కదా తమ్ముడూ. డిఫాల్ట్‌టైమ్‌లొకేల్‌లో (నెలలు, వారాలు, జోన్ల పేర్లుండే పట్టిక) జోన్ల జాబితా తెరిచి చూడు. జీఎంటీ, అమెరికా జోన్లే ఉంటాయి, ఐఎస్‌టీ లేదు. పర్సెంట్ పెద్ద ఇ, చిన్న జెడ్ వేస్తే +05:30 పడుతుంది. ఇ తీసేస్తే కోలన్ పోతుంది.

ఓరుగల్లు_ఫోల్డ్: బిల్లు జూసే శెట్టిగారికి +05:30 ఏం జేసుకోనీకి? లాగ్ వేరు, బిల్లు వేరు. అన్నిట్ల అమెరికా జొప్పియ్యకు.

టైప్‌శాస్త్రి: ఈ లైబ్రరీ సోర్సు ఆసాంతం చదివినవాణ్ణి, కాస్త ఆగి వినండి. టైమ్‌లొకేల్ అనేది మామూలు రికార్డు. డిఫాల్ట్ తీసుకుని మంత్స్ ఫీల్డు మార్చుకోండి: 12 జతలు, జతలో ముందు పూర్తి పేరు, తర్వాత పొట్టి పేరు. పెద్ద బి కి మొదటిది, చిన్న బి కి రెండోది వస్తుంది. వారాల జాబితా ఆదివారంతోనే మొదలవ్వాలి. ఇక నెలల్లో జూన్ మరిచారనుకోండి, కంపైల్ అవుతుంది, మే దాకా చక్కగా నడుస్తుంది, జూన్‌లో జూలై అని పడుతుంది, డిసెంబరులో ఇండెక్స్ దాటి ప్రోగ్రాం కూలుతుంది. 12 నెలలకీ టెస్టు రాయనివాడు హాస్కెల్ ముట్టుకోకూడదు.

ఎలిక్సిర్_ఎల్లయ్య: మా ఎలిక్సిర్ భాషలో 1.11 వెర్షన్ నుంచి నెల పేర్లు మార్చే వీలు క్యాలెండర్ మాడ్యూల్‌లోనే ఉంది. మంత్‌నేమ్స్‌కి ఫంక్షన్ ఇస్తే చాలు. ఉత్త తేదీని గంట అడిగితే ఎర్రర్ కొడుతుంది. మీ డే (ఉత్త తేదీ) కి పర్సెంట్ పెద్ద హెచ్ (గంట) ఇస్తే ఏమొస్తుందో చెప్పండి శాస్త్రిగారూ? ఖాళీ! ఇదేనా మీ టైప్ సేఫ్టీ?

టైప్‌శాస్త్రి: టైపులు చూసేది విలువని, కోట్స్ మధ్య అక్షరాన్ని కాదు. మీ దగ్గర టైపు పాఠాలు వినే ఖర్మ ఇంకా పట్టలేదు.

నెల్లూరు_నల్: జనవరి అని రాస్తే బ్యాక్‌స్లాష్ 3100, బ్యాక్‌స్లాష్ 3112 అని వస్తోంది. లొకేల్ తప్పా?

బైండ్_బాబాయ్: లొకేల్ తప్పేం లేదు, నువ్వు ప్రింట్ వాడావు. అది షో ని పిలుస్తుంది, షో తెలుగు అక్షరాన్ని అంకెగా మార్చేస్తుంది. పుట్‌ఎస్‌టీఆర్‌ఎల్ఎన్ వాడు. డాకర్‌లో (ప్రోగ్రాంని విడి పెట్టెలో నడిపే సాధనం) ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్ అని చస్తే ల్యాంగ్ వేరియబుల్‌ని సి.యూటీఎఫ్-8 చెయ్యి, లేదా మెయిన్ మొదట్లోనే హెచ్‌సెట్‌ఎన్‌కోడింగ్‌తో ఎస్‌టీడీఅవుట్‌ని యూటీఎఫ్8 కి మార్చు.

ఓరుగల్లు_ఫోల్డ్: ఫైల్ పేర్ల వారం నంబర్ పెట్టేటోళ్లు జర పైలం. పెద్ద వి (వారం నంబర్) పక్కన పెద్ద వై కాదు, పెద్ద జి (ఆ వారం ఏ ఏడాదిదో అది) పెట్టాలె. 2024 డిసెంబర్ 30 ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణం) లెక్కల 2025 మొదటి వారం. వై పెడితే 2024-01 అని పడి, ఎన్నడో జనవరిల రాసిన ఫైలు మీదనే మళ్ల రాస్తది.

కృష్ణాతీరం: అందరికీ థాంక్స్. టెక్స్ట్ సంగతి ఎవరూ చెప్పలేదు.

డల్లాస్_పక్షి: స్ట్రింగ్‌ని టెక్స్ట్ చేసే ప్యాక్ డేటా.టెక్స్ట్‌లో ఉంది, ముందు తగిలించు. బిల్లులకి ఆ ఖర్చు లెక్కలోకి రాదు. లక్షల లాగ్ లైన్లయితే మాత్రం ఫార్మాట్‌టైమ్ మానేసి, టుగ్రెగోరియన్ ఇచ్చే మూడు అంకెల్నీ (ఏడాది, నెల, రోజు) టెక్స్ట్ బిల్డర్‌తో కలుపుకో. అప్పుడు 9 దాకా ముందు సున్నా నువ్వే పెట్టుకోవాలి.

ఎలిక్సిర్_ఎల్లయ్య: నా ఖాళీ స్ట్రింగ్ ప్రశ్న అలాగే ఉంది శాస్త్రిగారూ.