‘టార్నుంగ్’కి తెలుగులో ఏమందాం?

రెండో ప్రపంచయుద్ధం మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. శత్రువు కంటబడకుండా జర్మన్ సైనికులు తొడిగిన మచ్చల దుస్తుల గురించి రాసినచోటల్లా ‘టార్న్’తో మొదలయ్యే మాటలే. ‘మారువేషం’ అనొచ్చా, ‘కామోఫ్లాజ్’ అనే ఉంచేయమంటారా?

జవాబు: మారువేషం వద్దండీ. విరాటుడి కొలువులో భీముడు వంటవాడైనట్టు, ఇంకొకరిలా కనబడితే అది మారువేషం. ఈ బట్ట కట్టినవాడు అసలు కనబడకూడదు. 1931లో జర్మన్ సైన్యం తెచ్చిన ‘స్ప్లిటర్’ అద్దకమే చూడండి. స్ప్లిటర్ అంటే పెంకు, చీలిక. లేతరంగు గుడ్డ మీద ఆకుపచ్చ, గోధుమరంగు పెంకులు కోసుకోసుగా ఉంటాయి, వాటి మీద వానచారల్లా సన్నటి పచ్చగీతలు. ఆకు బొమ్మ ఒక్కటీ లేదు! భుజం ఎక్కడ ఆగిందో, పొద ఎక్కడ మొదలైందో కంటికి అంతు చిక్కకుండా చేయడమే దాని పని. ముందుగా దాన్ని అద్దింది చొక్కాల మీద కాదు, మూడుమూలల గుడారపు గుడ్డ మీద. వానొస్తే ఒంటికి కప్పుకునేవాళ్ళు, నాలుగు గుడ్డలు బొత్తాలతో కలిపితే గుడారం.

హిట్లర్ నాజీ పార్టీకి చెందిన ఎస్‌ఎస్ దళాల నమూనాలు వేరు. (ఆ దళాల ఘోరాల గురించి మీ వ్యాసంలో ఎలాగూ వస్తుంది, నేను బట్ట సంగతే చెబుతున్నాను.) మ్యూనిక్‌కు చెందిన ఒట్టో షిక్ చెట్ల కింద పడే వెలుగునీడలు గమనించి గీసినవి అవి. నూలు అంగీ ఒకవైపు వసంతపు పచ్చ, తిరగేస్తే ఆకురాలు కాలపు గోధుమ. 1944లో వచ్చిన ‘బఠానీ’ చుక్కల జత మాత్రం ఒకవైపే అద్దింది.

ఇక మాట సంగతి. ‘టార్నెన్’ అంటే కప్పిపెట్టడం. నీబెలుంగెన్‌లీడ్ అనే పాత జర్మన్ కావ్యంలో వీరుడు జీగ్‌ఫ్రీడ్ ఒక మరుగుజ్జు దగ్గర గెలుచుకున్న మాయ అంగీ పేరు ‘టార్న్‌కాపె’. తొడుక్కుంటే మనిషి కనబడడు. మనకు దానికి దగ్గరి చుట్టం తిరస్కరిణి. విక్రమోర్వశీయంలో ఊర్వశి ఆ విద్యతోనే ఎవరికీ కనబడకుండా తిరుగుతుంది. కానీ ‘తిరస్కరిణి చొక్కా’ అంటే ఎవరో తిరస్కరించిన చొక్కా అనుకుంటారు. నా ఓటు ‘మరుగు’కి.

మరొకరు: మరుగు అనగానే మరుగుదొడ్డి గుర్తొస్తుందండీ. ‘మాటు’ బాగుండదా?

జవాబు: మాటు వేసేవాడు దెబ్బ తీయడానికే కూర్చుంటాడు. వెనక్కి తగ్గుతున్న సైనికుడికీ ఈ బట్ట కావాలి కదా. దొడ్డి గొడవ లేకుండా ‘కనుమరుగు’ అనండి: కనుమరుగు అద్దకం, కనుమరుగు అంగీ. తిరగేసి తొడుక్కునేదాన్ని ‘రెండువైపులా అద్దిన’ అంటే చాలు. స్ప్లిటర్‌ని మాత్రం అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘పెంకుల అద్దకం’ అని పక్కన రాయండి.