యాపిల్ ఉపగ్రహం: నిజంగా గొప్పదా, ఎడ్లబండి ఫొటో మహిమా?

ఎర్రబస్సు:
మన ఇస్రో చేసిన సమాచార ఉపగ్రహం యాపిల్ ఎగిరిన జూన్ 19 వస్తే చాలు, మా ఫ్యామిలీ గ్రూపులో ఆ ఫొటో ప్రత్యక్షం. ఎడ్లబండి మీద ఉపగ్రహం, కింద "పేదరికం నుంచి అంతరిక్షానికి" అని ఓ డైలాగు. కోపం తెచ్చుకోకండి గానీ, ఆ ఫొటో లేకపోతే యాపిల్‌ని ఎవరైనా గుర్తుపెట్టుకునేవారా? 1981లో దాన్ని మోసింది యూరప్ వాళ్ల ఏరియన్ రాకెట్. ఎగిరింది ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి. పైకెళ్లాక రెండు సోలార్ పలకల్లో ఒకటి తెరుచుకోనే లేదు. రెండేళ్లు దాటగానే కథ ముగిసింది. 1982లో వెళ్లిన మన సమాచార ఉపగ్రహం ఇన్‌శాట్-1ఏని అమెరికాలో ఫోర్డ్ కంపెనీ దగ్గర చేయించుకున్నాం. మరి యాపిల్ వల్ల ఒరిగిందేంటి?

పాతరేడియో:
ముందు ఫొటో సంగతి తేల్చేద్దాం. డబ్బుల్లేక కట్టిన బండి కాదది. యాంటెన్నా పరీక్షకి దగ్గర్లో పెద్ద లోహపు వస్తువులు ఉండకూడదు. లారీ మీద పెడితే తరంగాలు దాని బాడీకి తగిలి తిరిగొస్తాయి, కొలతలు చెడిపోతాయి. చెక్కబండితో ఆ గొడవ లేదు. బండెక్కి రాకెట్ దగ్గరికి పోతోందని చాలామంది అనుకుంటారు. కౌరూ దాకా ఎడ్లబండి ఎక్కడిది!

తడ కుర్రాడు:
బండికి ఇరుసు, మేకులు ఇనుమే కదా అన్నా?

పాతరేడియో:
ఇనుమే తమ్ముడూ. లోహం అస్సలు లేదని నేననను. కాకపోతే చెక్కల కింద ఉన్న ఇరుసెక్కడ, లారీ అంత రేకెక్కడ?

లెక్కలమాస్టారు:
ఎర్రబస్సు గారూ, రాకెట్ మనది కాదన్నది నిజమే. అప్పటి మన రాకెట్ సత్తా ఎంతో కూడా చూడండి. 1980 జులైలో శ్రీహరికోట నుంచి మన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ పైకి చేర్చిన రోహిణి ఉపగ్రహం బరువు 35 కిలోలు. యాపిల్ 670 కిలోలు. దాన్ని ఎవరి భుజం మీద ఎక్కించాలి? ఏరియన్ ఇంకా పరీక్షల్లో ఉంది కాబట్టి యూరప్ వాళ్లు సీటు ఉచితంగా ఇచ్చారు. ఉచితం అంటే సుఖం అనుకోవద్దు. 1980 మేలో దాని రెండో ప్రయోగం సముద్రంలో పడింది. మన ఉపగ్రహం ఎక్కింది మూడోసారి.

ఇక అసలు విషయం. ఏరియన్ దాన్ని తిన్నగా 36,000 కిలోమీటర్ల ఎత్తులో కూర్చోబెట్టలేదు. కోడిగుడ్డు ఆకారపు దారిలో వదిలేసింది. ఆ దారి చిట్టచివరకి చేరాక సొంత మోటారు మండించి, దాన్ని గుండ్రటి కక్ష్యగా మార్చుకోవడం ఉపగ్రహం పనే. ఆ మోటారు ఎస్‌ఎల్‌వీ-3 నాలుగో అంచెలోంచి తయారుచేసుకున్నది. రోహిణిని చివర్లో తోసిన మోటారుకి తోబుట్టువన్నమాట. ఫొటోలో ఎడ్లు కనిపిస్తాయి గానీ ఈ మోటారు కనిపించదు, అందుకే దీని గురించి ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

ఇంకోటి. అంతకుముందు మన ఉపగ్రహాలు ఆర్యభట్ట, భాస్కర బొంగరంలా తిరుగుతూ నిలకడగా ఉండేవి. యాపిల్ తిరగకుండా, యాంటెన్నా భూమి వైపే పెట్టుకుని నిలబడాలి. అలాంటిది మనవాళ్లు చేయడం అదే మొదలు. ఇస్రో ఇంజినీరు ఆర్.ఎం. వాసగం నాయకత్వంలో, బెంగళూరు పీణ్యా షెడ్లలో చేశారు.

ఎర్రబస్సు:
మోటారు మాట ఒప్పుకుంటున్నా మాస్టారూ, అది నాకు తెలియదు. కానీ "యాపిల్ వల్లే ఇన్‌శాట్" అనే వాళ్లకి ఏం చెప్తారు? ఫోర్డ్‌కి ఆర్డర్ 1978లోనే ఇచ్చేశాం. పూర్తిగా మనం చేసుకున్న ఇన్‌శాట్-2ఏ వెళ్లింది 1992లో. అదీ మళ్లీ ఏరియన్ ఎక్కే. 11 ఏళ్లు! దాన్ని యాపిల్ ఫలం అంటే ఎలా?

లెక్కలమాస్టారు:
ఇన్‌శాట్-1 యాపిల్ ఫలం అని నేను అనలేదు, అనను. అన్నవాళ్లది తప్పే. 11 ఏళ్లు ఎక్కువే. కానీ 2ఏ మీద పనిచేసినవాళ్లకి "ఇది ఒకసారి చేశాం" అనే ధైర్యం యాపిల్ నుంచి రాకపోతే ఎక్కడినుంచి వచ్చుండేది?

మిద్దెతోట:
మా అమ్మమ్మ చెప్పేది. 1975లో వాళ్ల ఊరి బడిలో టీవీ పెట్టారట. సాయంత్రం చాపలు పట్టుకుపోయి తెలుగు కార్యక్రమాలు చూసేవారట. ఏడాది తిరిగేసరికి తెర నల్లబడింది. అప్పట్లో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్లకి బొమ్మ పంపింది అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం. మన దగ్గర ఏడాది ప్రయోగం అయిపోయాక వాళ్ల పని మీద వాళ్లు తీసుకెళ్లిపోయారు. అరువు గిన్నెలో ఎన్నాళ్లు వండుకుంటాం?

పాతరేడియో:
దీనికి తోడు ఇంకో ముచ్చట. డబ్బు పోసి కొన్న ఇన్‌శాట్-1ఏ 1982 ఏప్రిల్‌లో వెళ్లి సెప్టెంబరుకల్లా ఇంధనం అయిపోయి పోయింది. దాని సోలార్ సెయిల్ (ఎండ తోపుని సరితూచే తెరచాప) కూడా తెరుచుకోలేదు. ఒంటి రెక్క యాపిల్ మాత్రం, కరెంటు తగ్గినా, 1983 సెప్టెంబరు 19 దాకా టీవీ ప్రసారాలు, రేడియో నెట్‌వర్కింగ్, కంప్యూటర్ల అనుసంధానం లాంటి ప్రయోగాలు చేస్తూనే ఉంది. నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఎర్రబస్సు:
సరే, ఈ జూన్‌లో ఫొటో వస్తే "పేదరికం" అన్న డైలాగు మీద మా బాబాయితో గొడవ పెట్టుకుంటా. 1992 దగ్గర మాత్రం నా మాట నాదే.

తడ కుర్రాడు:
ఆ బాబాయి ఇరుసు సంగతి ఎత్తితే నన్ను ట్యాగ్ చేయండి.