పంక్చర్ షాపు బోర్డు మీద టైర్‌కి ‘వై’ పెట్టాలా, ‘ఐ’ పెట్టాలా?

తెనాలి ఫ్లెక్స్:
తెనాలిలో ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపు నాది. మా వీధి చివర పంక్చర్ షాపు అన్న ఈమధ్య కొత్త టైర్లు కూడా అమ్ముతున్నాడు. 12 అడుగులు బై 4 బోర్డు కావాలన్నాడు. ఇంగ్లీషులో టి-వై-ఆర్-ఇ-ఎస్ అని కొట్టి, పసుపు మీద ఎర్రక్షరాలు, కింద ఫోన్ నంబరు పెట్టి ఇచ్చాను. డాలస్‌లో ఎమ్మెస్ చదువుతున్న వాళ్లన్నయ్య కొడుకు వాట్సాప్‌లో ఫొటో చూసి, “బాబాయ్, స్పెల్లింగ్ తప్పు, ఐ రావాలి” అన్నాడట. నిన్న సాయంత్రం అన్న ఆ ఫ్లెక్స్ చుట్టి తెచ్చి నా టేబుల్ మీద పడేశాడు. “అమెరికాలో ఉన్నోడికి తెలీదా తమ్ముడూ? ఫ్రీగా మళ్లీ కొట్టు” అంటున్నాడు.

నాకూ డౌటొచ్చి వర్డ్‌లో కొట్టి చూశాను. వై పెడితే కింద ఎర్ర గీత, ఐ పెడితే లేదు. పదిహేనేళ్లుగా వైతోనే కొడుతున్నా. ఊరంతా తప్పులే వేలాడదీశానా అని టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ మాస్టారు:
బాబూ, నీ బోర్డు తప్పు కాదు. ఆ అబ్బాయి చదివే దేశంలో అతని మాటా తప్పు కాదు. చక్రానికి తొడిగే టైరుని బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో, మన దగ్గర వైతో రాస్తారు, అమెరికాలో ఐతో. అర్థం ఒకటే. అలసిపోవడం అనే ఇంకో టైర్ ఉంది చూశావూ, అది మాత్రం ఎక్కడైనా ఐతోనే. నేను రిటైరైందీ ఐతోనే!

తమాషా ఏమిటంటే, ‘అటైర్’ అంటే వస్త్రధారణ, దానికి పొట్టి రూపమే టైర్ అంటారు. చక్రానికి కట్టిన బట్టన్నమాట. మొదట్లో ఇంగ్లండులో రెండు రకాలుగానూ రాసేవారు. తర్వాత అక్కడా ఐ స్థిరపడింది. 19వ శతాబ్దంలో బ్రిటిష్‌వాళ్లు వైని మళ్లీ బయటికి తీశారు. 1888లో డన్‌లప్ గాలి టైరుకి పేటెంట్ తీసుకున్నాక ఆ వాడుక గట్టిపడింది. అమెరికావాళ్లు పాతదే ఉంచుకున్నారు.

రబ్బరు రాకముందు టైర్ అంటే ఇనుమే. చిన్నప్పుడు మా ఊళ్లో కమ్మరి ఎద్దుబండికి పట్టా ఎక్కిస్తుంటే బడి ఎగ్గొట్టి చూసేవాణ్ణి. చక్రం కన్నా పిసరంత చిన్నగా పట్టా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చేవాడు. వేడికి సాగిన పట్టాని ఇద్దరు పట్టకార్లతో ఎత్తి చెక్క చక్రానికి తొడిగి, సమ్మెటతో దించి, గబగబా కుండలతో నీళ్లు పోసేవారు. చుయ్‌మని ఆవిరి. పట్టా బిగుసుకుంటుంటే చక్రం ఆకులు కిర్రుమనేవి. అదీ అసలు ‘బట్ట కట్టడం’.

టొరంటో తెలుగోడు:
మాస్టారూ, కెనడాలో ఇంకా విచిత్రం. కలర్‌కి బ్రిటిష్‌వాళ్లలా యు పెడతాం, టైర్‌కి మాత్రం అమెరికా ఐ. 1922లో మొదలైన కెనడియన్ టైర్ అనే పెద్ద స్టోర్ పేరులోనూ ఐయే. బైబిల్లో మనం తూరు అని చదివే పట్టణం మాత్రం ఇంగ్లీషులో ఎక్కడైనా వైతోనే ఉంటుంది.

గుంటూరు లారీ:
అపోలో, జేకే కంపెనీల పేర్లలోనే వై ఉంది. గుడ్‌ఇయర్ అమెరికాది, 1898లో పుట్టింది, అందుకే దాని పూర్తి పేరులో వచ్చే ‘టైర్’కి ఐ. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 94వది టైర్ల కండిషన్ గురించే, అక్కడా వైతోనే ఉంది. మీ అన్నకి చూపించండి. వర్డ్‌లో భాష ‘ఇంగ్లీష్, యునైటెడ్ స్టేట్స్’ అని ఉండి ఉంటుంది, ఇండియాకి మార్చండి.

అన్నట్టు, ఫోన్ నంబరు సరిచూశారా? మా ఆఫీసు బోర్డుకి అక్కడే దెబ్బ పడింది.

తెనాలి ఫ్లెక్స్:
అందరికీ థ్యాంక్స్. భాష మార్చగానే గీత పోయింది. పొద్దున్నే అన్న షాపుకెళ్లి, ఆయన అమ్మే టైరు మీద కంపెనీ పేరులోనే వై చూపించా. “మరి వాడెందుకలా అన్నాడు?” అని కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు.

గుంటూరు లారీ గారూ, మీరన్నారని నంబరు లెక్కపెట్టా. తొమ్మిదంకెలే ఉన్నాయి. డాలస్ అబ్బాయీ చూడలేదు, అన్నా చూడలేదు, నేనూ చూడలేదు. ఫ్రీగానే మళ్లీ కొడుతున్నా. వై మాత్రం అలాగే ఉంచా.