సమస్య: కాలితోడ లెక్క గట్టె నతఁడు

నిర్వాహకుడు: ఈసారి ఆటవెలది, చివరి పాదం ఇచ్చాను. వ్యక్తి హారల్డ్ బోర్ (1887–1951). భౌతికశాస్త్రవేత్త నీల్స్ బోర్ తమ్ముడు, గణితవేత్త. కోపెన్‌హాగన్‌లో అకడెమిస్క్ బోల్డ్‌క్లబ్ అనే ఫుట్‌బాల్ క్లబ్బుకి హాఫ్‌బ్యాక్ (నడి వరుస ఆటగాడు). అన్న కూడా అదే క్లబ్బులో గోల్‌కీపర్. 1908 లండన్ ఒలింపిక్స్‌లో వెండి గెలిచిన డెన్మార్క్ జట్టులో హారల్డ్ ఉన్నాడు. పైసా జీతం లేని ఆట, దేశానికి ఆడింది 4 మ్యాచులే. 1910లో డాక్టరేట్ సభకి లెక్కలవాళ్ల కంటే ఫుట్‌బాల్ అభిమానులే ఎక్కువ వచ్చారంటారు!

గోదారిగట్టు:
పగలు గణితమందు పండితుండై వెల్గి
సంజ బంతిఁ దన్ను సరసుఁడొకఁడు
లండనందు నిల్చి లక్ష్యంబు ఛేదించి
కాలితోడ లెక్క గట్టె నతఁడు

నిర్వాహకుడు: ధార బాగుందండీ, యతులూ సరిపోయాయి. కానీ బంతి వచ్చింది, లెక్క రాలేదు. సమస్యకి చిక్కుముడి అక్కడే కదా. పైగా ఫ్రాన్స్ 'బి' జట్టు మీద 9-0తో గెలిచిన మ్యాచ్‌లో ఆయనవి రెండు గోల్స్. మీ పద్యంలో 'లక్ష్యంబు' ఒకటే, రెండోది వదిలేశారు.

తుంటరి:
పదియు నేడు గలిపి పదునేడు మారులు
ఫ్రాన్సు వలనుఁ జేరె బంతి యెగిరి
సోఫసొకఁడె పదిని సొంపుగా వేసెను
కాలితోడ లెక్క గట్టె నతఁడు

నిర్వాహకుడు: భలే! కూడిక మొదటి పాదంలోనే తేల్చేశారు. అక్టోబరు 22న ఫ్రాన్స్ ప్రధాన జట్టు మీద 17-1, అందులో సోఫస్ నీల్సన్‌వే పది. అయితే అడిగింది హారల్డ్ గురించి. పెళ్లికొడుకును వదిలేసి తోడి పెళ్లికొడుకు మీద పద్యం చెప్పారు.

గోదారిగట్టు: మళ్లీ ఒకసారి చూడండి.
చేతి సుద్దతోడ సిద్ధాంతములు వ్రాసి
బంతి దూరమెంతొ పాదమెఱుఁగ
ముందు వరుసవారి ముంగాళ్ల కందించి
కాలితోడ లెక్క గట్టె నతఁడు

తుంటరి: ముంగాళ్లు ఎడ్లకుంటాయి గురువుగారూ, ఫార్వర్డులకి కాదు.

నిర్వాహకుడు: 'ముంగిటి' అంటే సరి. తగణం పోయి భగణం వస్తుంది, యతి చెడదు. మిగతాది ముట్టుకోవద్దు. హాఫ్‌బ్యాక్ పని గోల్ కొట్టడం కంటే బంతిని ముందుకు అందించడమే, ఈ పద్యం అది పట్టుకుంది. నా ఓటు దీనికే.

తుంటరి: మరి 24న ఫైనల్లో బ్రిటన్ చేతిలో 0-2తో ఓడారు, దాని మాటే ఎవరూ ఎత్తలేదు. తేటగీతి పాదం ఇస్తే నేను రెడీ.