అప్‌డేట్: గజపతినగరం దగ్గరి రాళ్ల బీడు ఏ వర్గమో తేలింది

కొండ దిగువన మా మేత బీడులో గుంత తీస్తే సగం గుండ్రాళ్లే, వానాకాలంలో నీరు ఊరుతోంది, లోపల బూడిద రంగు మచ్చలున్నాయి, నేలల వర్గీకరణలో దీన్ని ఏ వర్గంలో వేయాలని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

అన్నిటికంటే పనికొచ్చింది రాళ్లను లెక్కపెట్టకుండా తూచి, కిలోలను 2.65తో (రాయి సాంద్రత) భాగించి లీటర్లలో ఘనపరిమాణం కట్టమన్న సలహా. బంకమట్టి పొరలో రాళ్లు ఘనపరిమాణంలో 35 శాతం దాటాయి. రాళ్లు పోగా మిగిలిన మట్టిలోనూ బంక 35 శాతం పైనే. కాబట్టి క్లేయీ-స్కెలిటల్, అంటే రాళ్లూ బంకా రెండూ ఎక్కువున్న నేల.

గుంత చూడడానికి వచ్చిన మృత్తిక శాస్త్రవేత్త తడి మట్టి పెడ్డను మున్సెల్ పట్టీ (మట్టి రంగులు పోల్చే పట్టిక) పక్కన పెట్టారు. క్రోమా (రంగు గాఢత) 2 ఉన్న బూడిద మచ్చలు 60 సెం.మీ. దిగువన గాని మొదలు కావడం లేదు. ఆక్వాల్ఫ్ (పైపైనే నీరు నిలిచే నేలల వర్గం) అనాలంటే ఇలాంటి తడి గుర్తులు 50 సెం.మీ. లోపే ఉండాలి. మావి 75 సెం.మీ. లోపు ఉన్నాయి గనుక ఆక్విక్ హాప్లుస్టాల్ఫ్, అంటే కింద బంక పేరుకుని, కాస్త లోతున తడి గుర్తులున్న నేల. బంకమట్టి పొర మీద వాననీరు ఆగిపోవడమే దీనికంతటికీ కారణం.

ఉప్పు చౌడేమో అన్న అనుమానం వీగిపోయింది. విద్యుత్ వాహకత మామూలే. గుంతలో కనిపించిన నల్ల గుళికలు బొగ్గూ కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కకే బుసబుసమని నురగ వచ్చింది, అంటే మాంగనీసు. నేల తడిగా ఉన్నప్పుడు పశువులను తోలవద్దని ఆ శాస్త్రవేత్త అన్నారు, తొక్కిడికి గట్టిపడుతుందట.