సోనార్‌లో కనిపించింది ఓడేనా? నిధి ఉంటే తెలుస్తుందా?

లోతుపిచ్చి:
నా పడవకి చేపల్ని చూపించే సోనార్ ఉంది, రెండు పక్కలా చూసే రకం. నిన్న 20 మీటర్ల లోతులో ఇసుక మీద పొడుగ్గా ఏదో కనిపించింది, వెనకాల నల్లటి నీడ. అప్పట్నుంచి నిద్ర లేదు. ఓడో బండరాయో ఎలా తేల్చుకోవాలి? బంగారం, వెండి ఉంటే తెర మీద వేరుగా మెరుస్తాయా? నవ్వకండి, నిజంగానే అడుగుతున్నా.

ఇసుకతిన్నె:
మెరవవు. సోనార్‌కి బంగారమూ తెలీదు, ఇత్తడీ తెలీదు, పంపిన శబ్దం ఎంత గట్టిగా తిరిగొచ్చిందో అదే చూపిస్తుంది. మీరు వస్తువుని వదిలేసి నీడని చూడండి. ఎత్తుగా ఉన్నదాని వెనక్కి శబ్దం చేరదు కాబట్టి అక్కడ నల్లగా పడుతుంది. సముద్రం అడుగు నుంచి సోనార్ ఎంత ఎత్తులో ఉందో దాంతో నీడ పొడవుని హెచ్చించి, సోనార్ నుంచి నీడ కొస వరకు ఉన్న దూరంతో భాగిస్తే వస్తువు ఎత్తు వస్తుంది. రాయి నీడ వంకరటింకరగా ఉంటుంది, మనిషి చేసినదానికి ఎక్కడో ఒకచోట తిన్నటి గీత కనిపిస్తుంది. రెండు మూడు దిక్కుల నుంచి మళ్ళీ వెళ్ళి చూడండి. నేను నాలుగు రోజులు తెరచాప స్తంభం అనుకుని మురిసిపోయింది చివరికి ఎవరో పారేసిన పైపు!

చుట్టుపక్కల కూడా వెతకాలంటే పొలం దున్నినట్టు సాలు పక్కన సాలు వేయండి, ఒకదాని అంచు ఇంకోదాని మీద పడాలి, ఎందుకంటే సోనార్‌కి సరిగ్గా కింద ఉన్నది సరిగా కనపడదు.

పాతలంగరు:
పాతకాలపు చెక్క ఓడైతే అసలు కనపడకపోవచ్చు. చెక్కని పురుగు తినేస్తుంది, మిగిలింది ఇసుకలో కూరుకుపోతుంది. అప్పుడు మాగ్నెటోమీటర్, అంటే అయస్కాంత బలంలో తేడాల్ని పసిగట్టే పరికరం కావాలి, అదీ ఇనుప ఫిరంగులకీ లంగర్లకీ స్పందిస్తుంది గానీ బంగారానికి కాదు. 1622లో ఫ్లోరిడా దగ్గర నిధితో మునిగిన స్పెయిన్ ఓడ అతోచా సంగతి చూడండి, నిధులు వెతికే మెల్ ఫిషర్ వాళ్ళకి 1975లోనే దాని కంచు ఫిరంగులు దొరికాయి, అసలు నిధి కుప్ప దొరికింది మాత్రం 1985లో. పదేళ్ళు! 1857లో బంగారంతో మునిగిన సెంట్రల్ అమెరికా అనే ఓడని 1988లో రెండు వేల మీటర్ల పైగా లోతులో కనిపెట్టినవాళ్ళు కూడా అంతకుముందు సోనార్ బొమ్మ చూసి వేరే ఓడ దగ్గర ఆశ పెట్టుకున్నారు.

గట్టుమీదోడు:
దొరికినా మీది కాదు, అది గుర్తుపెట్టుకోండి. స్పెయిన్ ఓడ మెర్సిడెస్ నాణేలు, దాదాపు 17 టన్నులు, ఒక అమెరికా కంపెనీ 2007లో పైకి తెచ్చింది. కోర్టు తీర్పుతో 2012లో మొత్తం స్పెయిన్‌కి అప్పజెప్పాల్సి వచ్చింది. ఏదైనా కనిపిస్తే ముట్టుకోకుండా ముందు అధికారులకి చెప్పండి.

లోతుపిచ్చి:
మళ్ళీ వెళ్ళి చూసొచ్చాను. నీడ 5 మీటర్లు, దాని కొస 40 మీటర్ల దూరంలో, లోతు ఆ 20 మీటర్లే, అంటే ఎత్తు రెండున్నర. అడ్డంగా వెళ్తే వెడల్పు కూడా ఇంచుమించు అంతే, పొడవు 12. నాలుగు మూలలూ కత్తితో కోసినట్టున్నాయి.

ఇసుకతిన్నె:
అయ్యో, అది సరుకు కంటైనరండీ, ఏ ఓడ మీద నుంచో జారిపడి ఉంటుంది.

లోతుపిచ్చి:
నాకూ అదే అనుమానం వచ్చింది. చేపలు మాత్రం దాని చుట్టూ గుంపులు గుంపులుగా ఉన్నాయి, రేపు గాలం తీసుకెళ్తా.